తలుపు పాటకు వరస

కావలిలో మా వీధివాళ్ళు నన్ను సంగీతం టీచరమ్మ అంటారు. నేను వినని చోట కోపం టీచరమ్మ అంటారని కూడా నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ముందుగదిలో చాప పరిచి పాఠం చెబుతున్నాను. చాపలు నాలుగైదు మారాయి, పిల్లలు ఎంతోమంది మారారు, వాళ్ళూ వాళ్ళ అమ్మానాన్నలూ అడిగే ప్రశ్నలు మాత్రం మారలేదు.

"సరిగమలు ఎన్ని నెలల్లో అయిపోతాయండీ?" అయిపోవడానికి అవేమన్నా బియ్యమా? "స్వరాలు ఏడే అంటారు గదా, చివర మళ్ళీ స ఎందుకు?" పొద్దున ఇంట్లోంచి పోయినవాళ్ళు సాయంత్రం ఇంటికే రావాలి కాబట్టి. "రాగమంటే ట్యూనే గదా?" కాదు, ఒక్క రాగంలో ఎన్ని పాటలైనా కట్టుకోవచ్చు. "ఆ శ్రుతిపెట్టె ఒకటే మోత మోగుతా ఉంది, కాసేపు ఆపకూడదా?" ఆపితే నువ్వెక్కడున్నావో నీకే తెలియదు నాయనా. జవాబులన్నీ నాలుక చివరనే ఉండేవి. అడిగినవాళ్ళ నోరు మూయించడం నాకు కొంచెం సరదా కూడా.

అన్నిటికంటే నాకు ఇష్టమైన ప్రశ్న నొటేషన్ గురించి. ఎలాంటి పాటనైనా కాగితం మీద పెట్టొచ్చా అని ఎవరైనా అడిగితే, "నోటితో పాడగలిగింది ఏదైనా చేత్తో రాయొచ్చు" అనేదాన్ని. ఎంత ధీమాగా అనేదాన్నో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

నా దగ్గరికి సముద్రం ఒడ్డు పాళెం నుంచి ఒక అమ్మాయి వచ్చేది. కావలిలో డిగ్రీ చదువుతూ, కాలేజీ వదలగానే ఆటో దిగి నేరుగా మా ఇంటికి. ఇంట్లో అందరూ పడవల మీదా వలల మీదా బతికేవాళ్ళు. గొంతు గట్టిది, పలుకు శుభ్రమైనది, పుస్తకం మాత్రం వదలదు. పాఠంలో ప్రతి కామా చూసుకుని గానీ పాడదు. నాకు అలాంటి పిల్లలంటే మహా ముద్దు.

ఒకరోజు ఆ పిల్ల పాడుతూ పాడుతూ మధ్యలో ఏడ్చేసింది. ఏమ్మా అంటే చెప్పింది. ఇంకో మూడు వారాల్లో వాళ్ళన్న పెళ్ళి. వాళ్ళ పాళెంలో కొత్త కోడలు అత్తగారి గడప తొక్కేముందు ఆడబిడ్డ తలుపుకు అడ్డంగా నిలబడి పాట పాడాలి. ఆ పాట ఈ పిల్ల అవ్వకు వచ్చు. పాళెంలో ఎవరింట్లో పెళ్ళయినా ఆడబిడ్డ పక్కన నిలబడి ఆ పాట ఎత్తి ఇచ్చేది అవ్వే. ఈ పిల్ల చిన్నప్పుడే అవ్వ గొంతులో ఏదో కాయ పెరిగితే ఆపరేషన్ చేసి తీశారు. అప్పటి నుంచి మాట వస్తుంది గానీ పాట రాదు. పాట ఆగిపోయింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో తలుపు దగ్గర సౌండ్ సర్వీసు అబ్బాయి పెద్ద డబ్బాల్లో సినిమా పాట వేస్తాడు, ఆ పాట అయ్యేలోగా పెళ్ళికూతురు లోపలికొచ్చేస్తుంది.

"మా అవ్వ నిన్న ఏమనిందో తెలుసా మేడమ్? నా మనవడి పెళ్ళాం గూడా డబ్బా పాటకే లోపలికి వస్తాదా అనింది. అన్నం కూడా తినలే. ఆ పాట మీరు రాసిచ్చినారంటే నేను నేర్చుకుని పాడతా."

అదెంత పని, ఆదివారం వస్తున్నానని చెప్పాను.

ఆదివారం పొద్దున నొటేషన్ పుస్తకం, శ్రుతిపెట్టె సంచీలో పెట్టుకుని ఆటో ఎక్కాను. రొయ్యల గుంటలు దాటాక గాలి మారింది. పాళెంలో పట్టల మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టారు. అవ్వ వాకిట్లో కూర్చుని కాకుల్ని అదిలిస్తూ ఉంది. సన్నటి మనిషి, కళ్ళలో మాత్రం ఎప్పుడూ ఏదో కొంటెతనం. గొంతు గరగరమని, గుసగుసకు కాస్త పైన.

నేను పుస్తకం తెరిచి, కొత్త పేజీలో రాగం, తాళం అని రెండు గీతలు గీసి, "చెప్పండమ్మా, ఈ పాట వరస ఏంది?" అని అడిగాను. పాట నడక, బాణీ అనే అర్థంలో అడిగాను.

"ఆడబిడ్డ వరస," అంది అవ్వ.

"అది కాదమ్మా, పాట వరస."

"నేను చెప్పేది గూడా అదే. పాడేది ఆడబిడ్డ, పాడించుకునేది వదిన. ఇంకేం వరస?" అని నన్ను ఎగాదిగా చూసి మనవరాలి వైపు తిరిగింది. "రెండేళ్ళు ఈమె కాడ సరళీ వరసలు, జంట వరసలు నేర్చుకుంటా ఉండానంటివే. ఈమెకు వరసే తెలీదంటాది!"

ఆ పిల్ల నోటికి పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు చురుక్కుమంది. సరళీ వరసలంటే చుట్టరికాలు కావమ్మా, స్వరాల వరసలు అని పాఠం మొదలుపెట్టబోయాను. అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"అదంతా అట్టుంచు. నువ్వు నాకేం వరస అవుతావు?"

"నేనా? నేను టీచర్ని."

"అది పని గదమ్మా. వరస లేనోళ్ళకు ఈ పాట ఎట్టా చెప్పేది?"

త్వరగా పని కానిద్దామని, "కూతుర్ని అనుకోండి" అన్నాను. అవ్వ ఒప్పుకోలేదు. ఇది ఎగతాళి పాటంట, కూతురితో ఎగతాళి ఆడకూడదంట. కాసేపు ఆలోచించి, "మరదలివి," అని తేల్చేసింది. నాకు యాభై దాటాయి, ఆవిడకు డెబ్బై అయిదైనా ఉంటాయి. వయసు మాట ఎత్తితే, "వయసుదేముంది, వరస ఉంటే సాలు" అంది. ఆ పూటంతా నన్ను మరదలా అనే పిలిచింది. నేను మాత్రం 'అమ్మా' అనే అన్నాను. నా పెద్దరికం నాది మరి.

పాట రాసుకోవడం విచిత్రంగా సాగింది. అవ్వ మాటలు చెబుతుంది, పాడలేదు కాబట్టి స్వరం ఎక్కేచోట చెయ్యి పైకెత్తుతుంది, దిగేచోట దించుతుంది. మనవరాలు ఆ చేతిని చూస్తూ పాడుతుంది. సరిగ్గా ఉంటే అవ్వ గడ్డం ఊపుతుంది, తప్పితే నాలుకతో టక్కుమని చప్పుడు చేస్తుంది. నేను పక్కన కూర్చుని స్వరాలు పట్టుకుని రాశాను. మొదటి చరణం ఇది:

చుక్కాని పట్టే మా అన్న చెయ్యి పట్టి వచ్చినావు
చెప్పకుండా గడప దాటేవు, నువ్వెవరివే వదినా

చరణం కాగానే అవ్వ ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ఆగిపోయింది. గడప వైపు చూస్తూ కూర్చుంది. ఓ క్షణం, రెండు క్షణాలు, ఇంకా ఎక్కువే. తరువాత చిన్నగా దగ్గి రెండో చరణం ఎత్తుకుంది. ఆ చరణం చివరా అంతే. పాపం, ఆపరేషన్ అయిన గొంతు, ఆయాసం వస్తోంది అనుకున్నాను. మంచినీళ్ళు తెమ్మని పిల్లకు సైగ చేశాను. అవ్వ తాగింది కూడా.

మా నొటేషన్లో కామా పెడితే ఆగమని కాదు, ముందున్న స్వరాన్ని ఇంకాస్త సాగదీయమని. ఊరికే నోరు మూసుకుని కూర్చునే అంతంత సమయానికి మాకు గుర్తే అలవాటు లేదు. అందుకని ఆయాసాన్ని పక్కన పెట్టి, చరణానికి చరణం అతికించి, ఎనిమిది అక్షరాల ఆది తాళంలో శుభ్రంగా కుదించి రాశాను. మూడు చరణాలు ఒక్క పేజీలో పట్టాయి. చూసుకుంటే నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

వచ్చేముందు అలవాటు కొద్దీ, "ఈ పాటకు అర్థం ఏమిటమ్మా?" అని అడిగాను.

"అర్థమా? లోపలికి రానియ్యమని," అంది అవ్వ.

మూడు వారాలూ ఆ పిల్ల మా ఇంట్లో సాధన చేసింది. తొడ మీద తాళం వేస్తూ, ఒక్క అక్షరం అటూ ఇటూ కాకుండా పాడేది. పెళ్ళికి నన్ను రమ్మని అవ్వ రెండుసార్లు కబురు పెట్టింది.

తెల్లవారుజామున గుడిలో తాళి కట్టారు. ఎండెక్కే వేళకు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇంటి ముందుకు వచ్చారు. పెళ్ళికూతురిది దక్షిణాన పులికాట్ సరస్సు పక్క ఊరు. మాటలో కాస్త అరవ యాస, పెదాల మీద బెదురు లేని నవ్వు. సౌండ్ సర్వీసు అబ్బాయి నన్ను చూసి, "టీచర్ గారూ, ట్రాక్ పెన్‌డ్రైవ్‌లో తెచ్చినారా?" అని అడిగాడు. ట్రాకూ లేదు, గీకూ లేదు, ఆ డబ్బాలు ఆపెయ్ అని గదమాయించాను. డబ్బాలు ఆగేసరికి సముద్రం చప్పుడు వినిపించింది. పాళెం ఆడవాళ్ళంతా ముందుకు జరిగారు. ఎన్నేళ్ళ తరువాతో ఆ పాట వింటామని వాళ్ళ ఆశ. అవ్వ గడప పక్కన పీట మీద కూర్చుంది.

నా శిష్యురాలు తలుపుకు అడ్డంగా నిలబడి, ఒక చేత్తో నా నొటేషన్ పట్టుకుని, ఎత్తుకుంది. ఏం గొంతు! శ్రుతిపెట్టె లేకపోయినా చెక్కు చెదరలేదు. మొదటి చరణం అయ్యింది. పెళ్ళికూతురు తల పక్కకు వంచి, నవ్వుతూ నోరు తెరిచింది. అంతలో నా శిష్యురాలు సరిగ్గా ఎనిమిదో అక్షరం కాగానే రెండో చరణం అందుకుంది. పెళ్ళికూతురు నోరు మూసుకుంది. రెండో చరణం కాగానే మళ్ళీ తెరిచింది. మూడో చరణం వచ్చి మీద పడింది. ఈసారి ఆమె నవ్వు పోయింది, తల దించేసుకుంది. నేను మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా వేళ్ళు లెక్కపెట్టుకుంటూ తాళం వేస్తున్నాను.

పాట అయిపోయింది. మొత్తం కలిపి ఒక నిమిషం పట్టిందేమో. "ఇంతేనా?" అని వెనక ఎవరో అన్నారు. పెళ్ళికూతురు తరఫు వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. సౌండ్ సర్వీసు అబ్బాయి చెయ్యి మీట మీదికి పోయింది.

ఠప్పుమని చప్పుడు. అవ్వ లేచి అరచేత్తో తలుపు మీద కొట్టింది.

"ఇదేం ఆడబిడ్డవే నువ్వు! వదినను నోరు తెరవనియ్యవా?"

పిల్ల బిత్తరపోయి నొటేషన్ వైపు చూసింది, తరువాత నా వైపు చూసింది. అవ్వ కూడా నా వైపే తిరిగింది.

"ఏమ్మే మరదలా, నా పాటలో ఆగే చోట్లన్నీ ఏం చేసినావు?"

అప్పుడు తెలిసింది నాకు. అవ్వ ఆ రోజు గడప వైపు ఎందుకు చూసిందో, చెయ్యి ఎందుకు దించలేదో ఒక్కసారిగా అర్థమైంది. ఆవిడ ఆగింది ఆయాసంతో కాదు, కొత్త కోడలు బదులు చెబుతుందని ఆగింది. లేని కోడలి కోసం, ఆమెకు ఎంత సమయం కావాలో అంతసేపూ ఆగింది. నేను ఆ కోడలిని పాటలోంచి తీసేసి, చుట్టూ కుట్టేసి, బాగుందని మురిసిపోయాను.

"మీకు ఆయాసం అనుకున్నానమ్మా," అన్నాను. "ఆ బదులు మాటలు నాకు చెప్పలేదు గదా మీరు?"

"అవి నావి గావు గదమ్మా, వాళ్ళవి. వాళ్ళు ఏమంటారో నాకెట్టా తెలుస్తాది?" అంది అవ్వ. మనవరాలు ఇంట్లో ఆగకుండా పాడుతున్నప్పుడు కూడా ఆవిడకు అనుమానం రాలేదంట. వట్టి గోడకు పాడితే అట్టనే ఉంటాదిలే, ఎదురుగా వదిన ఉంటే తనే ఆగుతుందిలే అనుకుందంట.

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు నాది, ఏడుపు దానికి. నేను చెప్పులు విడిచి గడప దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల చేతిలోంచి కాగితం లాగేసుకున్నాను.

"ఎన్ని అక్షరాలు ఆగాలి మేడమ్?" అంది పిల్ల.

"లెక్క లేదు. తాళం వెయ్యొద్దు. వదిన ముఖం చూడు. ఆమె నోరు మూసినాక నువ్వు తెరువు."

రెండేళ్ళుగా నేను చెప్పిన పాఠాలన్నిటికీ ఇది తలకిందులు. పిల్ల ముక్కు తుడుచుకుని, ఈసారి కాగితం లేని చేతులు ఏం చేయాలో తెలియక తలుపు రెక్కలు రెండూ పట్టుకుని, పెళ్ళికూతురి కళ్ళలోకి చూసి రెండో చరణం నుంచి ఎత్తుకుంది:

వలలోన పడినది చేపో, వదినమ్మా, మా అన్నో
పట్టినవాళ్ళెవరో చెప్పి లోనికి రావే వదినా

ఆగింది. పెళ్ళికూతురు వెంటనే అందుకోలేదు. ఇందాక రెండుసార్లు నోరు మూయించారు కదా, ఆమెకూ అనుమానమే. అవ్వ చెయ్యెత్తి గాలిలో అట్లాగే ఉంచింది, ఆ ఆదివారం లాగే. నాకు లోపల్లోపల తాళం కొట్టుకుంటూనే ఉంది, అలవాటు ఎక్కడికి పోతుంది, పదహారు దాటింది, ఇరవై నాలుగు దాటింది. ఇక రాదేమో అనుకున్నాను. అప్పుడు పెళ్ళికూతురు తల ఎత్తింది:

వల నేను వెయ్యలేదే, ఓసి నా ఆడబిడ్డా
తనకు తానే వచ్చి పడెను మీ అన్న, అడ్డు లే

శ్రుతి మా పిల్లది కాదు, తాళం ఎవరిదీ కాదు, కానీ ఆ మాట పడగానే పాళెం పాళెమంతా గొల్లుమంది. పెళ్ళికొడుకు ముఖం ఎర్రగా కందిపోయింది. నా శిష్యురాలు నవ్వు ఆపుకోలేక, నవ్వుతూనే మూడో చరణం పాడింది:

ఉప్పుగాలి ఊరు మాది, ఉడుకుమోతు అమ్మ మాది
ఉంటావా, ఉరుకుతావా, ఊసు చెప్పవే వదినా

ఉడుకుమోతు అనిపించుకున్న వాళ్ళమ్మ లోపలి నుంచి, "ఓసే, నీ పని తరువాత చెప్తా" అని కేకేసింది. దానికీ నవ్వులే. పెళ్ళికూతురు ఈసారి ఆలస్యం చేయలేదు:

మా ఊరి గాలి తీపా, మా అమ్మ మాట చల్లనా
ఉరికేదాన్నయితే నేను ఇంత దూరమొస్తానా

నేను రాసిన మూడు చరణాలూ అయిపోయాయి. పాట మాత్రం అయిపోలేదు. నా శిష్యురాలు, కామా లేనిదే నోరు తెరవని పిల్ల, అప్పటికప్పుడు చరణాలు అల్లుతోంది. వాళ్ళన్న గురక గురించి ఒకటి, పడవలో మరిచిపోయి వచ్చిన చెప్పుల గురించి ఒకటి. అక్కడి నుంచి ఒక్కోదానికీ దెబ్బకు దెబ్బ. తలుపు పాట వాళ్ళ వైపూ ఉందంట, పెళ్ళికూతురి వెనక నిలబడిన వాళ్ళ ఊరి ఆడవాళ్ళు కూడా గొంతు కలిపారు. ఎండ నడినెత్తికి వచ్చింది. "కాళ్ళు కాలతా ఉండాయి, తియ్యవే తల్లీ" అని పెళ్ళికొడుకు బతిమాలాడు. చివరికి పెళ్ళికూతురు మొగుడి పేరు గట్టిగా చెప్పి, తల వంచి, ఆడబిడ్డ చెయ్యి కిందుగా దూరి లోపలికి వచ్చేసింది.

అవ్వ పీట మీద కూర్చుని పడీ పడీ నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గింది. నీళ్ళు ఇస్తే నెట్టేసి ఇంకా నవ్వింది. ఇన్నేళ్ళలో ఎన్ని కచేరీలకు వెళ్ళానో లెక్క లేదు. అంత సంతోషం నేను ఎక్కడా పడలేదు. నా పేజీ మడతలు పడి నా గుప్పిట్లో చెమటకు తడిసిపోయింది, నాకు బాధే వేయలేదు.

ఆ వారం ఇంట్లో ఆ పాటను మళ్ళీ రాశాను. రాగం అన్న చోట ఏం రాయాలో తోచక వదిలేశాను. తాళం అన్న చోట ఆది అని రాసి కొట్టేశాను. వాటి కింద ఇంకో గీత గీసి, వరస: వదినా ఆడబిడ్డలు అని రాశాను. ప్రతి చరణం కిందా సగం పేజీ ఖాళీ వదిలాను. అప్పుడు పాట మూడు పేజీలు వచ్చింది.

తరువాతి ఆదివారం అవ్వ, మనవరాలు, కొత్త కోడలు ముగ్గురూ మా ఇంటికి వచ్చారు. కోడలికి కూడా పాఠం చెప్పాలంట. అవ్వకు చదువు రాదు. అయినా తన పాట చూపించమంది. చాప మీద కూర్చుని, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, స్వరాల మీద వేలు పెట్టి మెల్లగా కిందికి జరిపింది. రాత అయిపోయిన చోట వేలు ఆగింది.

"ఈడంతా తెల్లగా ఉండాదే. రాయడం మర్చిపోయినావా మరదలా?"

"మర్చిపోలేదు వదినా," అన్నాను. ఆ పిలుపు నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. "అది నీ పాట కాదు, వాళ్ళది."

అవ్వ ఆ తెల్లటి చోటును అరచేత్తో ఒకసారి నిమిరి, కొత్త కోడలి వైపు చూసి, ఆగింది.